నేల మాట, పుస్తకం మాట: తెలుగులో భూ, పర్యావరణ శాస్త్రాల మౌలిక పదజాలం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

భూశాస్త్ర, పర్యావరణ శాస్త్రాల తెలుగు పదజాలంపై చర్చ వచ్చినప్పుడల్లా అది సంస్కృతపదమా, దేశ్యపదమా, ఆంగ్లపదమా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది. పదం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ప్రధానం కాదని, శాస్త్రం వేరు చేసిన రెండు విషయాలను ఆ పదం వేరుగా చూపగలుగుతోందా అన్నదే ప్రమాణం కావాలని ఈ వ్యాసం వాదిస్తుంది. వాతావరణం, తీవ్రత, హరితగృహం, క్రమక్షయం, ఉప్పెన, వడగాలి, చౌడు, జల వంటి పదాలను ఈ ప్రమాణంతో పరిశీలించి, పాఠ్యపుస్తకం, పత్రిక, పొలం అనే మూడు చోట్ల వాటి అర్థం ఎలా మారుతోందో చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పారిభాషిక పదం, శీతోష్ణస్థితి, వాతావరణం, ఉప్పెన, మాండలిక వృత్తిపదాలు, భూకంప పరిమాణం, చౌడు.

1. ఉపోద్ఘాతం:

శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలన్న ప్రయత్నానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర గ్రంథాలతోపాటు శాస్త్రగ్రంథాలనూ తెలుగు పాఠకులకు అందించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు అవసరమైన పాఠ్యగ్రంథాలనూ, పారిభాషిక పదకోశాలనూ సిద్ధం చేసింది. వీటికి సమాంతరంగా మరొక కృషి జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించింది. మొదటి కృషి పుస్తకం కోసం పదాలను నిర్మించింది. రెండవది పొలంలో ఉన్న పదాలను సేకరించింది. ఈ రెండు పాయలూ కలవవలసిన చోటు భూశాస్త్రమే. నేల, నీరు, గాలి, రాయి అందరి అనుభవంలోనూ ఉన్నవి కనుక ఈ శాస్త్రపు మౌలిక పదాలలో చాలావాటికి వ్యవహారంలో మాటలు ముందే ఉన్నాయి. రసాయనశాస్త్రానికో, అణుభౌతికశాస్త్రానికో ఈ వెసులుబాటు లేదు. అయినా ఈ రెండు పాయలూ చాలాచోట్ల కలవలేదు. కలవకపోవడం వల్ల జరిగిన నష్టం భాషకు మాత్రమే పరిమితం కాదు. తుపాను హెచ్చరిక, భూకంప వార్త, నేల పరీక్ష ఫలితం – ఇవన్నీ ఆ పదాల మీదుగానే ప్రజలకు చేరతాయి.

2. ఒకే మాట, మూడు అర్థాలు – ‘వాతావరణం’:

పాఠశాల భూగోళశాస్త్రంలో శిలావరణం, జలావరణం, వాతావరణం, జీవావరణం అనే నాలుగు ఆవరణాలు ఒక కుటుంబంగా కనిపిస్తాయి. వాతం, ఆవరణం అన్న రెండు పదాల కలయికతో ఏర్పడిన వాతావరణం భూమిని చుట్టి ఉన్న వాయువుల పొర అని విద్యార్థికి వెంటనే బోధపడుతుంది. ఈ నాలుగూ చక్కగా కుదిరిన పదాలు. పర్యావరణం కూడా ఇదే ఒరవడిలో ఇమిడిపోయింది. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది.

‘ఈ రోజు వాతావరణం పొడిగా ఉంటుంది’ అన్నప్పుడు అదే మాట ఒక ప్రదేశంలో ఒక పూటకు, ఒక రోజుకు ఉన్న గాలి, ఎండ, వాన పరిస్థితిని సూచిస్తుంది. ‘వాతావరణ మార్పు’ అన్నప్పుడు దశాబ్దాల సగటులో వచ్చే మార్పును సూచిస్తుంది. శాస్త్రంలో ఈ మూడూ మూడు వేర్వేరు భావనలు. ప్రపంచ వాతావరణ సంస్థ శీతోష్ణస్థితి గణనకు 30 సంవత్సరాల సగటును ప్రామాణికంగా తీసుకుంటుంది. ఒక్క రోజు ఎండనో, ఒక్క సంవత్సరం కరవునో చూసి ఆ సగటు మారిందని చెప్పడానికి వీలులేదు. ఒక్క చలి రాత్రిని చూసి మారలేదని చెప్పడానికీ వీలులేదు. ఈ ముఖ్యమైన తేడాను తెలుగు వార్తాభాష చెరిపివేసింది. ‘వాతావరణంలో మార్పు’ అన్న మాట సాయంత్రం మబ్బు పట్టడానికీ, శతాబ్దకాలపు భూగోళ తాపానికీ సమానంగా వర్తిస్తున్నప్పుడు, డిసెంబరులో చలి పెరిగింది కదా, ఇక ఆ మార్పు ఎక్కడ అని అడిగే పాఠకుని తప్పుపట్టలేము. ఆ తప్పు అతనికి అందించిన మాటలోనే ఉంది.

పాఠ్యపుస్తకం ఈ విషయంలో పత్రిక కంటే మెరుగు. అక్కడ దీర్ఘకాల సగటుకు శీతోష్ణస్థితి అన్న పదం స్థిరపడింది. అయితే తరగతి గదిలో శీతోష్ణస్థితిని చదివిన విద్యార్థి బయటకు వచ్చి పత్రికలో వాతావరణ మార్పును చదువుతాడు. 2014లో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ పేరులో ఈ అంశం చేరినప్పుడు కూడా తెలుగు వ్యవహారంలో వాతావరణ మార్పుల శాఖగానే నిలిచింది. పరీక్షకు ఒక పదం, ప్రపంచానికి మరొక పదం అన్న స్థితి ఇలా ఏర్పడింది.

ఇతర భారతీయ భాషలతో పోల్చినప్పుడు ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. హిందీలో రోజువారీ స్థితి మౌసమ్, దీర్ఘకాల స్థితి జలవాయు. తమిళంలో మొదటిది వానిలై, రెండవది కాలనిలై. తమిళపదంలోని కాలం మనకూ ఉన్నదే. ఎండకాలం, వానకాలం, చలికాలం అన్న విభజనలోనూ, వానలు సరిగా పడని ఏడాదిని గురించి రైతు ‘ఈసారి కాలం కాలేదు’ అనడంలోనూ ఉన్నది ఒక రోజు సంగతి కాదు. కార్తెల లెక్క ఇంకా స్పష్టం. సుమారు 13, 14 రోజుల చొప్పున సంవత్సరాన్ని 27 భాగాలు చేసి, రోహిణిలో ఎండ, మృగశిరలో తొలకరి అని చెప్పడం తరతరాల అనుభవపు సగటును చెప్పడమే. ‘ఇవాళ ముసురు పట్టింది’ అన్నది ఆ రోజు స్థితి. ‘మృగశిరకు తొలకరి’ అన్నది శీతోష్ణస్థితి. కనుక ఈ భేదం తెలుగువారికి కొత్తది కాదు. వ్యవహారానికి తెలిసిన భేదాన్ని పారిభాషికత మరచిపోయింది.

శీతోష్ణస్థితి అన్న పదంపై అభ్యంతరాలు లేకపోలేదు. అందులో చలి, వేడి ఉన్నాయి కాని వాన, గాలి లేవు. ఉచ్చారణకు బరువైన పదం కూడా. అయినా పారిభాషిక పదం నిర్వచనం వల్ల నిలుస్తుందే తప్ప వ్యుత్పత్తి వల్ల కాదు. లక్షలాది విద్యార్థులు ఇప్పటికే నేర్చుకున్న పదాన్ని వదలి మరొకటి కల్పించడం కంటే, ‘శీతోష్ణస్థితి మార్పు’ అన్న వాడుకను పత్రికలకూ, ప్రభుత్వ ప్రకటనలకూ విస్తరింపజేయడం సులభమైన మార్గం.

3. కొలతలను కలిపివేసే మాట – ‘తీవ్రత’:

భూకంపాలకు రెండు కొలతలున్నాయి. భూమి లోపల విడుదలైన శక్తిని తెలిపేది ఒకటి. 1935లో రిక్టర్ రూపొందించిన మానం ఈ తరగతిదే. ఒక భూకంపానికి ఈ అంకె ఒక్కటే ఉంటుంది. ఇందులో ఒక అంకె పెరిగితే నమోదయ్యే కంపనం 10 రెట్లు, విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతాయి. రెండవది ఒక్కో చోట మనుషులకు, ఇళ్లకు కలిగిన ప్రభావాన్ని తెలిపేది. మెర్కాలీ పేరుతో ఉన్న 12 మెట్ల మానం ఇటువంటిది. ఒకే భూకంపానికి ఇది ఊరూరికీ మారుతుంది.

తెలుగులో ఈ రెండింటికీ తీవ్రత అన్న మాటే వాడుకలో ఉంది. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు ప్రకంపనలు హైదరాబాదు, విజయవాడల దాకా తెలిశాయి. ‘5.3 తీవ్రత’ అని చదివిన హైదరాబాదు పాఠకుడు తాను అనుభవించిన చిన్న కుదుపునే 5.3గా భావించే ప్రమాదం ఉంది. రేపు తన ఊరికి దగ్గరలో అదే పరిమాణంతో కంపం వస్తే ఏమవుతుందో అతడు తక్కువగా అంచనా వేస్తాడు. పరిమాణం, తీవ్రత అనే రెండు పదాలు మనకు సిద్ధంగా ఉన్నాయి. వాటిని చెరొక కొలతకు కేటాయించడమొక్కటే మిగిలింది. ఇక్కడ లోపించింది పదసంపద కాదు, పదనియమం.

4. చిత్రం లేని అనువాదం – ‘హరితగృహం’, ‘క్రమక్షయం’:

భూమిని వెచ్చగా ఉంచే వాయువుల ప్రభావానికి హరితగృహ ప్రభావం అన్న పదాన్ని స్థిరపరచుకున్నాము. చలిదేశాలలో మొక్కలను పెంచే గాజు ఇల్లు ఆంగ్లపదం వెనుక ఉన్న చిత్రం. ఆ ఇంటిని చూడని తెలుగు విద్యార్థికి హరితగృహం అంటే ఆకుపచ్చ ఇల్లు. మూలభాషలో సైతం ఆ పోలిక పూర్తిగా సరైనది కాదు. గాజు ఇల్లు ప్రధానంగా వేడిగాలి బయటకు పోకుండా ఆపడం వల్ల వెచ్చబడుతుంది. వాయువులు అలా కాక, భూమి వెలువరించే పరారుణ కిరణాలను పీల్చుకొని కొంత వేడిని తిరిగి కిందికి పంపుతాయి. ఈ ప్రభావమే లేకపోతే భూమి ఉపరితలపు సగటు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల సెల్సియస్‌కు బదులు మైనస్ 18 దగ్గర ఉండేది.

తెలుగులో మరొక చిక్కు తోడైంది. ఇటీవలి దశాబ్దాలలో హరిత శబ్దం పర్యావరణహితం అన్న అర్థాన్ని సంతరించుకుంది. 2015లో తెలంగాణలో ప్రారంభమైన మొక్కలు నాటే కార్యక్రమం పేరు హరితహారం. హరిత ఇంధనం, హరిత భవనం వంటివన్నీ మేలును సూచించే పదాలే. ఈ వరసలో హరితగృహ వాయువు అని విన్న పాఠకునికి అది హాని చేసేదన్న స్ఫురణ ఎలా కలుగుతుంది? పదంలోని పూర్వభాగం ఒక దిక్కుకు లాగితే శాస్త్రార్థం మరొక దిక్కున ఉంది. పదాన్ని వెంటనే తొలగించమని ఈ వ్యాసం కోరడం లేదు. మొదటి ప్రస్తావనలోనే ‘వేడిని పట్టి ఉంచే వాయువులు’ అన్న వివరణను జోడించడం కనీస బాధ్యత.

క్రమక్షయం మరొక ఉదాహరణ. నేల పైపొర నీటివల్ల, గాలివల్ల కొట్టుకుపోవడాన్ని పాఠ్యపుస్తకాలు మృత్తికా క్రమక్షయం అంటాయి. క్రమంగా క్షయించడం అన్న అర్థం కొన్ని సందర్భాలకే సరిపోతుంది. ఒక్క రాత్రి వరదలో ఏటి ఒడ్డు ఎకరాల మేర తెగిపోయినప్పుడు అందులో క్రమం లేదు. ప్రజలు వాడే మాట కోత. నేల కోత, ఒడ్డు కోత, తీరం కోత అన్నప్పుడు వేగంతో నిమిత్తం లేకుండా పని అర్థమవుతుంది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ, దారినీ మింగుతున్న సంగతిని వార్తలు కోత అనే చెబుతాయి. పత్రిక కంటే పుస్తకం మెరుగన్న మాట వాతావరణం విషయంలో నిజమైతే, ఇక్కడ పుస్తకం కంటే పత్రికే మెరుగు.

5. పక్కకు నెట్టిన కచ్చితమైన మాటలు – ‘ఉప్పెన’, ‘ఉక్కపోత’, ‘పదును’:

తుపాను గాలి నీటిని తీరం వైపు నెట్టడం వల్ల సముద్రమట్టం పెరిగి ఊళ్లమీద పడడాన్ని తెలుగు ఉప్పెన అంటుంది. 1864 నవంబరులో మచిలీపట్నాన్నీ, 1977 నవంబరు 19న దివిసీమనూ ముంచినది ఇదే. దివిసీమలో ప్రాణాలు పోగొట్టుకున్న సుమారు 10,000 మందిలో అత్యధికులను చంపింది గాలి కాదు, నీరు. ఇంత స్పష్టమైన మాట ఉండగా తుపాను వార్తల్లో ‘అలలు ఇన్ని మీటర్ల ఎత్తున ఎగసిపడతాయి’ అన్న వాక్యమే తరచు కనిపిస్తుంది. అల వచ్చి వెనుకకు పోతుంది. ఉప్పెన మట్టమే పెరగడం. అలలు ఆ పెరిగిన మట్టంపై మళ్లీ లేస్తాయి. అది సముద్రపు పోటు సమయంతో కలిస్తే ఇంకా లోపలికి వస్తుంది. అల వస్తుందని విన్న మత్స్యకారుడు కొంత వెనుకకు జరిగి నిలబడవచ్చునని అనుకుంటాడు. ఉప్పెన వస్తుందని వింటే ఊరు ఖాళీ చేస్తాడు. ఈ రెండు మాటల మధ్య దూరం ప్రాణమంత.

2004 డిసెంబరు 26 తరువాత సునామీ అన్న జపాను పదం తెలుగులో స్థిరపడింది. ఇది మంచి ఎరువు. సముద్రగర్భ కంపం వల్ల పుట్టే అలలకు ఒక పేరు, గాలి వల్ల పెరిగే మట్టానికి మరొక పేరు ఉండడం వల్ల రెండూ కలిసిపోలేదు. పదం పరాయిదైనా భేదాన్ని నిలిపింది కనుక అది సమర్థనీయం.

వడగాలి విషయంలో సమస్య మరొక రకం. భారత వాతావరణ విభాగం మైదాన ప్రాంతాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి పెరిగినప్పుడు ఆ స్థితిని ప్రకటిస్తుంది. ఇందులో కొలత ఉష్ణోగ్రతకే, గాలికి కాదు. వడగాలి అన్న మాట మాత్రం వీచే వేడిగాలిని తలపింపజేస్తుంది. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండకు అది చక్కగా సరిపోతుంది. కోస్తా జిల్లాలలో గాలి స్తంభించి, తేమ పెరిగి, చెమట ఆరక శరీరం చల్లబడలేని స్థితి అంతే ప్రమాదకరం. దానికి తెలుగులో ఉక్కపోత అన్న మాట ఉంది. దానిని అసౌకర్యంగా మాత్రమే చూసే అలవాటు వల్ల హెచ్చరికల భాషలో దానికి చోటు దొరకలేదు. వేడి, తేమ కలిసి చేసే హానిని బోధించే అధ్యాపకునికి ఇంతకంటే మంచి మాట దొరకదు.

పదును కూడా ఇటువంటిదే. పాఠ్యపుస్తకంలో నేల తేమ ఒక శాతం. రైతు చెప్పే పదును ఆ తేమ దున్నడానికో, విత్తడానికో తగిన స్థాయిలో ఉండడం. తక్కువైతే విత్తనం మొలవదు, ఎక్కువైతే నాగలి సాగదు. ఇది తేమకూ, పనికీ ఉన్న సంబంధాన్ని చెప్పే పదం. దానిని తేమకు పర్యాయంగా కుదిస్తే సగం అర్థం పోతుంది.

6. దేశ్యపదానికీ పరీక్ష ఉండాలి – ‘చౌడు’, ‘జల’:

దేశ్యపదమైతే చాలునన్న వాదం కూడా ఈ ప్రమాణం ముందు నిలవదు. చౌడు అన్న మాటనే తీసుకుందాము. కరిగే లవణాలు పేరుకున్న నేల, సోడియం పెరిగి క్షారగుణం వచ్చిన నేల – రెండింటినీ సామాన్య వ్యవహారం చౌడు అంటుంది. మొదటిదానిని మంచినీటితో కడిగి, మురుగు తీసి బాగుచేస్తారు. రెండవదానికి జిప్సం అవసరం. రెండింటినీ కలిపివేస్తే చికిత్స తప్పుతుంది. అంటే వాతావరణం అన్న సంస్కృతపదంలోని లోపమే చౌడు అన్న దేశ్యపదంలోనూ ఉంది. వ్యవసాయ విస్తరణ సాహిత్యం దీనికి చక్కని పరిష్కారం చూపింది. మొదటిదానిని పాలచౌడు అనీ, రెండవదానిని కారుచౌడు అనీ వేరుచేసింది. రైతు మాటను విడవలేదు, శాస్త్రభేదాన్నీ విడవలేదు. తెలుగు పారిభాషికతకు ఇది ఆదర్శప్రాయమైన నమూనా.

జల అన్న మాట మరింత సున్నితమైనది. బావిలో జల పడింది అన్నప్పుడు అది రాతి సందుల్లోంచి వచ్చే నీటి ఊట. పుస్తకంలోని భూగర్భ జలం భూమి కడుపులో ఉన్న నీటి నిల్వను తలపింపజేస్తుంది. తెలంగాణ, రాయలసీమల గట్టిరాతి నేలల్లో నీరు శిథిలమైన పైపొరలోనూ, దాని కింది రాతి పగుళ్లలోనూ మాత్రమే ఉంటుంది. ఆ మేరకు జల అన్న మాటే వాస్తవానికి దగ్గర. అయితే అదే మాట నేల కింద ఎడతెగని ధార ప్రవహిస్తోందన్న నమ్మకానికీ దారితీసింది. ఎండిన బోరు పక్కన మరొక బోరు వేసే రైతు వెతికేది ఆ ధారనే. పగుళ్లలోని నీరు వానతో నిండాలి, తోడితే తరగాలి అన్న సంగతి ఈ పదంలో లేదు. 2002 నాటి వాల్టా చట్టం బోర్లను నియంత్రించదలచింది. చట్టం చెప్పదలచిన కారణాన్ని రైతుకు తెలిసిన మాటల్లో వివరించే బోధన మాత్రం ఇంకా జరగవలసి ఉంది.

7. కుదిరిన పదాలు చెప్పే పాఠం:

విజయవంతమైన పదాలను కూడా గుర్తించాలి. బంగాళాఖాతంలోని వాయు వ్యవస్థలకు వాడే అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అన్న వరస ఇందుకు ఉదాహరణ. గాలివేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను. ప్రతి మెట్టుకూ ఒక మాట, ప్రతి మాటకూ ఒక కొలత. ఇందులో తత్సమం ఉంది, మిశ్రసమాసం ఉంది, అన్యదేశ్యం ఉంది. తుపాను తీరం దాటింది అన్న పలుకుబడి సహజంగా అమరింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఈ మాటలు విశ్వవిద్యాలయంలోనూ, జాలరిపేటలోనూ ఒకే అర్థంతో వినిపించాయి.

ఒండ్రు, సున్నపురాయి, రేగడి పుస్తకంలోనూ, పొలంలోనూ ఒకటే. రేగడ అన్న తెలుగుమాట నుంచే నల్లనేలకు ఆంగ్ల భూగోళశాస్త్రంలో రేగర్ అన్న పేరు వచ్చిందని పండితుల అభిప్రాయం. తూర్పుకనుమల కొండరాయికి అక్కడి ఖోండు గిరిజనుల పేరుమీద ఖొండలైట్ అన్న పేరు అంతర్జాతీయ భూవిజ్ఞానంలో నిలిచింది. ఈ నేల పేర్లు ప్రపంచ శాస్త్రానికి పనికివచ్చినప్పుడు ఈ నేల విద్యార్థికి పనికిరాకపోవడానికి కారణం లేదు.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి మూడు సూత్రాలు తేలుతున్నాయి. శాస్త్రం వేరుచేసిన రెండు భావనలకు తెలుగులో రెండు మాటలు ఉండాలి. వాతావరణం, తీవ్రత ఈ నియమాన్ని తప్పుతున్నాయి. పరభాషలోని పోలికను అనువదించేటప్పుడు ఆ పోలిక మన పాఠకునిలో ఏ చిత్రాన్ని కలిగిస్తుందో చూడాలి. హరితగృహం ఈ పరీక్షలో నెగ్గదు. వ్యవహారంలో కచ్చితమైన పదం ఉంటే దానినే పారిభాషికంగా స్వీకరించాలి, చాలకపోతే పాలచౌడు, కారుచౌడు వలె విశేషణంతో పదును పెట్టాలి.

ఈ పని పదకోశ నిర్మాతలది మాత్రమే కాదు. మాండలిక వృత్తిపదకోశాలలోని నేల, నీరు, వానల పదాలను నేటి భూశాస్త్ర భావనలతో ఒక్కొక్కటిగా సరిచూడడం తెలుగు, భూగోళశాస్త్ర శాఖలు కలిసి చేయదగిన పరిశోధన. తెలంగాణ చెల్క, నెల్లూరు తీరపు దొరువు, ఏటి ఇసుకలో తవ్వే చెలమ – వీటిలో ప్రతిదీ ఒక నేలస్వభావాన్నో, ఒక నీటిమట్టాన్నో చెబుతుంది. వాటిని వాడే తరం తగ్గిపోతున్నకొద్దీ ఆ పరిశీలనలూ వారితో పోతాయి. దివిసీమ తరువాత పుట్టినవారికి ఉప్పెన ఒక పాత మాటగా మాత్రమే మిగిలితే, రాబోయే తుపానుకు ముందు ఆ మాట ఇవ్వవలసిన హెచ్చరికను మరే పదమూ ఇవ్వలేదు.